పట్టాభిషేకం తేదీ తప్పున్న ఏడో ఎడ్వర్డ్ మగ్గు: అరుదైనదేనా?

సింధూర
అందరికీ నమస్తే, చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా పెద్దమ్మ కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది, అక్కడ కార్ డిక్కీల్లో పాత సామాన్లు పెట్టుకుని అమ్ముతారు కదా కార్ బూట్ సేల్ అని, అందులో ఓ మగ్గు కనపడితే మూడు పౌండ్లకి కొని నాకు పంపించింది. ముందువైపు ఏడో ఎడ్వర్డ్ రాజు, అలెగ్జాండ్రా రాణి బొమ్మలు పక్కపక్కన, పైన కిరీటం, అటూ ఇటూ జెండాలు. రాజుగారి గడ్డం గోధుమరంగు సన్న గీతలతో ఎంత బాగా వేశారంటే వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, కానీ జెండాల్లో ఎరుపు మాత్రం గీత దాటి బయటికి పోయింది, ఒకచోటైతే రాణిగారి భుజం మీదికే వచ్చేసింది. అంచుకి బంగారు గీత ఉంది, తాగేవైపు అరిగిపోయింది.
అసలు సంగతేంటంటే, కింద రిబ్బన్ మీద పట్టాభిషేకం జూన్ 26, 1902 అని ఉంది. నేను వెతికితే జరిగింది ఆగస్టు 9న అని వస్తోంది. అంటే ఇది తప్పు ప్రింటు పడిన స్టాంపుల్లాంటిదా? మా అక్కయితే లాటరీ తగిలినట్టే మాట్లాడుతోంది, ఒట్టిగా ఆశ పెట్టుకోవడం ఎందుకని మిమ్మల్ని అడుగుతున్నా.

పాతసామాన్ల_పిచ్చి
అమ్మా సింధూరా, వెల్కమ్. ఆ తేదీ తప్పు కాదు. జూన్ 26నే జరగాలి, జరగలేదు అంతే. రెండ్రోజుల ముందు, జూన్ 24న, రాజుగారికి అపెండిక్స్ దగ్గర చీము పట్టి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఆపరేషన్ చేయాల్సొచ్చింది. దేశదేశాల నుంచి వచ్చిన అతిథులు వచ్చినట్టే ఉన్నారు, వీధుల్లో కట్టిన తోరణాలు కట్టినట్టే ఉన్నాయి, కార్యక్రమం వాయిదా. ఈ మగ్గులన్నీ అప్పటికే బట్టీల్లో కాలి, షాపులకెళ్లి, సగం జనం ఇళ్లకి కూడా చేరిపోయాయి. పట్టాభిషేకం మగ్గు ఎవరూ పట్టాభిషేకం అయ్యాక చేయరు కదా, నెలల ముందే మొదలెడతారు. కాబట్టి 1902 మగ్గుల్లో జూన్ 26 ఉన్నవే కుప్పలు తెప్పలు. ఆగస్టు 9 ఉన్నవే తక్కువ. కొన్నిటి మీద రెండు తేదీలూ ఉంటాయి, వాయిదా సంగతి తర్వాత ముద్రించి కలిపినవి, నన్నడిగితే సరదా వాటిల్లోనే ఉంది.

తిక్కలోడు_77
అంటే కరెక్ట్ తేదీ ఉన్నది అరుదు, తప్పు తేదీ ఉన్నది మామూలు. భలే ఉంది లోకం :)

చరిత్ర_మాస్టారు
ఆపరేషన్ చేసింది ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే సర్జన్. పట్టాభిషేకం దగ్గర పడిందని రాజు మొదట ఒప్పుకోలేదు, చివరికి ఒప్పించాల్సొచ్చింది. అప్పట్లో పొట్ట కోసే ఆపరేషన్ అంటే బతికి బయటపడతాడో లేదో తెలీదు, పైగా అరవై ఏళ్ల మనిషి, లావుపాటి ఒళ్లు. ఇంకో ముచ్చట, లండన్‌లోని పేదవాళ్లకి రాజుగారి పేరు మీద పెద్ద విందు ఏర్పాటు చేశారు, ఇంచుమించు ఐదు లక్షల మందికి. పట్టాభిషేకం ఆగినా విందు ఆగలేదు, జులై 5న పెట్టేశారు. అక్కడ వచ్చినవాళ్లకి రాయల్ డౌల్టన్ వాళ్ల పింగాణీ గ్లాసులు పంచారు. రాజు మంచంలో ఉంటే, ఆయన బొమ్మున్న కప్పులు పట్టుకుని ఊరంతా తిరిగారన్నమాట.

సింధూర
అయ్యో అయితే లాటరీ లేదన్నమాట :( మా అక్కకి ఇప్పుడే చెప్పను, నాలుగు రోజులు సంతోషంగా ఉండనీ. సరే కానీ ఇది నిజంగా 1902దేనా, లేక తర్వాతెప్పుడో నకలు తీసిందా, అదెలా తెలుస్తుంది?

పాతసామాన్ల_పిచ్చి
తిరగేసి అడుగు ఫొటో పెట్టమ్మా. అందరూ రాజు మొహం ఫొటో తీసి పెడతారు, మాకు కావాల్సింది అడుగు.

సింధూర
ఫొటో ఎక్కట్లేదు, సైజు ఎక్కువంటోంది. రాస్తాను. ఆకుపచ్చ రంగులో చిన్న కిరీటం గుర్తు, దాని కింద రెండు అక్షరాలు, అరిగిపోయి చదవడానికి రావట్లేదు. దాని కింద ఇంగ్లండ్ అని ఉంది. ఇంకా కింద ఆర్‌డీ అని రాసి ఆరంకెల నంబర్, 38తో మొదలవుతుంది. అడుగు రింగు దగ్గర గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) లేదు, గరుగ్గా ఉంది, కొంచెం మాసింది.

పాతసామాన్ల_పిచ్చి
ఇంకేం, సగం పని అయిపోయింది. ఆ ఆర్‌డీ నంబర్ డిజైన్ రిజిస్ట్రేషన్‌ది. ఇంగ్లండ్‌లో 1884లో ఒకటి నుంచి మొదలెట్టి వరుసగా ఇచ్చుకుంటూ పోయారు. 38తో మొదలయ్యే ఆరంకెలంటే 1901 చివర, 1902 మొదట్లోది. విక్టోరియా రాణి పోయింది 1901 జనవరి 22న, ఆ రోజే ఈయన రాజయ్యాడు, డిజైన్ రిజిస్టర్ చేయడానికి సరిగ్గా సరిపోయే టైము. ఒక్క జాగ్రత్త, ఆ నంబర్ డిజైన్ ఎప్పుడు నమోదైందో చెప్తుంది గానీ నీ చేతిలో ఉన్న మగ్గు ఏ రోజు కాలిందో చెప్పదు. కొన్ని డిజైన్లు ఏళ్ల తరబడి వాడతారు. పట్టాభిషేకం మగ్గుకి ఆ గొడవ లేదనుకో, ఆ ఏడాది దాటితే కొనేవాడుండడు.
ఇంగ్లండ్ అనే ముక్క కూడా పనికొచ్చేదే. 1891 నుంచి అమెరికాలో దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరుండాలని చట్టం వచ్చింది, అప్పట్నుంచి కుండల కంపెనీలు అడుగున ఇంగ్లండ్ అని వేయడం మొదలెట్టాయి. ఆ మాట లేకపోతే పాతదని గ్యారంటీ ఏం లేదు, అమెరికాకి పంపనివాళ్లు వేయకపోవచ్చు, కానీ ఉంటే మాత్రం ఎక్కువ శాతం 1891 తర్వాతదే.

మౌనముని
నా దగ్గర ఎనిమిదో ఎడ్వర్డ్ మగ్గు ఉంది, పట్టాభిషేకం మే 12, 1937 అని. ఆయనకి పట్టాభిషేకమే అవలేదు కదా? ఇదైనా అరుదేనా? ఒక్కడినైనా సంతోషపెట్టండి.

పాతసామాన్ల_పిచ్చి
మౌనముని గారూ మిమ్మల్నీ నిరాశపరుస్తున్నందుకు క్షమించాలి. ఈ రంగంలో అందరూ పడే బుట్ట అదే. 1936 డిసెంబర్‌లో ఆయన గద్దె దిగేసరికి కంపెనీలు బోలెడంత సరుకు చేసేశాయి, అందులో చాలా భాగం అమ్ముడైపోయింది కూడా. మిగిలినవి పగలగొట్టారా, లేదే. జరగని పట్టాభిషేకం గుర్తు అని జనం ఇంకా ఎగబడి కొన్నారు, కొన్నవాళ్లంతా ఏదో ఒకరోజు కోట్లు పలుకుతుందని బీరువాల్లో భద్రంగా దాచారు. అందరూ దాచుకున్న వస్తువు అరుదు ఎలా అవుతుంది చెప్పండి. తమాషా ఏంటంటే తమ్ముడు ఆరో జార్జికి పట్టాభిషేకం చేసింది కూడా అదే మే 12నే. తేదీ మార్చక్కర్లేదు, మొహం మారిస్తే చాలు.
వాటిల్లో పేరున్న డిజైనర్లవి వేరే కథ. వెడ్జ్‌వుడ్ అనే కుండల కంపెనీకి ఎరిక్ రవీలియస్ చేసిన మగ్గు ఉంది, దాని మీద రాజు మొహమే ఉండదు, ఆకాశంలో బాణసంచా, రాజముద్ర. రాజు దిగిపోయాక దాన్నే ఆరో జార్జికి మార్చారు. రవీలియస్ 1942లో ఐస్‌లాండ్ దగ్గర విమానంతో పాటు కనపడకుండా పోయాడు, అయినా 1953లో ఎలిజబెత్ రాణికి మళ్లీ అదే డిజైన్ అక్షరాలు మార్చి వాడారు. మొహం లేకపోవడం వల్లే ముగ్గురికి పనికొచ్చింది. లారా నైట్ చేసిన మగ్గు ఇంకోటి, దానికి పిడి ఏనుగు ఆకారంలో ఉంటుంది. మీదేదైనా అలాంటిదా?

మౌనముని
కాదండి, మామూలు పిడి. పోనీలెండి, పెన్నులు పెట్టుకుంటున్నా, అవే పెట్టుకుంటా.

తిక్కలోడు_77
ఒక్క మాట అడుగుతా ఎవరూ ఏమనుకోవద్దు. మన మీద పెత్తనం చేసినోళ్ల మొహాలు ఇంట్లో అలంకరించుకోవడం ఏంటండీ? గాజు బీరువాలో గాంధీ తాత పక్కన ఎడ్వర్డా?

చరిత్ర_మాస్టారు
న్యాయమైన ప్రశ్నే. నా వరకు నేనైతే షెల్ఫులో పెట్టుకోను, క్లాసులో చూపిస్తా. ఎందుకంటే ఈ మగ్గులు ప్రచార సాధనాలు బాబూ. పేపర్ చదవడం రానివాడి చేతిలోకి కూడా రాజు మొహం వెళ్లాలి, రోజూ కనపడాలి. ఎప్పుడూ రాజభక్తే అనుకోకు, తిట్టడానికీ వాడారు. 1820లో నాలుగో జార్జి తన భార్య కారొలైన్‌ని వదిలించుకోవాలని పార్లమెంటులో విచారణ పెట్టిస్తే, జనం ఆవిడ పక్షం పట్టారు. ఆవిడ బొమ్మతో జగ్గులు, ప్లేట్లు తెగ అమ్ముడయ్యాయి. ఆ జగ్గు ఇంట్లో ఉందంటే రాజు మీద కోపం ఉన్నట్టే. 1821 జులైలో ఆయన పట్టాభిషేకానికి ఆవిడ వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇంట్లో పాలు పోసుకునే జగ్గు మీద ఇంత రాజకీయం.

తిక్కలోడు_77
సరే మాస్టారూ ఒప్పుకున్నా సగం. మిగతా సగం ఇంకో థ్రెడ్‌లో పోట్లాడుకుందాం.

కుమ్మరి_చక్రం
ఇప్పుడే చూశాను ఈ థ్రెడ్. సింధూరా, మీరు చెప్పిన దాంట్లో నాకు నచ్చింది గీత దాటిన ఎరుపు. అది లోపం అనుకోకండి, అది మీ మగ్గు ఎలా తయారైందో చెప్పేస్తోంది. గీతల బొమ్మ ఒకరు చేశారు, రంగు ఇంకొకరు నింపారు, ఆ రంగేసే అమ్మాయికి లెక్క మీద కూలి, గడ్డం చెక్కినవాడికి ఉన్నంత తీరిక ఆమెకి లేదు.
గోధుమరంగు గీతలు రాగిరేకు మీద చెక్కి తీసినవి. లోతుగా చెక్కితే ముదురు, పైపైన చెక్కితే లేత, నీడలకి చుక్కలు. రేకుని వేడి చేసి, లోహపు రంగుని కాచిన నూనెలో కలిపి గీతల్లోకి రుద్ది, పైపైన ఉన్నది తుడిచేసి, సబ్బునీళ్లలో తడిపిన పల్చటి టిష్యూ కాగితం వేసి ప్రెస్‌లో నొక్కుతారు. ఆ కాగితం మీదికి బొమ్మ వస్తుంది. అది ఆరకముందే కత్తిరించి, ఒకసారి కాలిన మగ్గు మీద అంటించి గట్టి బ్రష్‌తో తెగ రుద్దాలి, తర్వాత నీళ్లలో ముంచితే కాగితం ఊడిపోతుంది, రంగు ఉండిపోతుంది. నూనె పోవడానికి కొంచెం కాల్చి, గ్లేజ్‌లో ముంచి మళ్లీ కాల్చడం. ఆ తర్వాత పైన ఎరుపు, నీలం నింపి ఇంకోసారి తక్కువ వేడిలో, ఆఖర్న బంగారం. మీరు వేలితో తడిమి చూడండి, గడ్డం గీతలు నున్నగా గ్లేజ్ కింద ఉంటాయి, ఎరుపు మాత్రం కొంచెం ఎత్తుగా తగులుతుంది. తగిలిందా?

సింధూర
తగిలింది!! గోరుతో గీరితే జెండా దగ్గర చిన్న మెట్టులా తెలుస్తోంది. గడ్డం అసలు తెలియట్లేదు. ఇన్ని రోజులు చూస్తున్నా గానీ తడమలేదు ఎప్పుడూ.

కుమ్మరి_చక్రం
గోరుతో గీరకండి తల్లీ, తడమమన్నాను :) పైన వేసిన రంగు పెచ్చులు లేస్తుంది.
ఇంకో పరీక్ష, పదింతలు చూపించే లెన్స్ ఉంటే రాజు చెంప మీద పెట్టండి. చెక్కిన గీతలు, చేత్తో పొడిచిన చుక్కలు కనపడితే పాత పద్ధతి. బియ్యపు నూకలా అడ్డదిడ్డంగా గింజలు గింజలుగా ఉంటే రాతి అచ్చు నుంచి వచ్చిన లిథో, అది కూడా 1902 నాటికే వాడుకలో ఉంది కాబట్టి కంగారుపడక్కర్లేదు. అదే నాలుగు రంగుల చుక్కలు వరుసగా, పేపర్లో ఫొటోలోలా గుండ్రంగా పేర్చినట్టు కనపడితే మాత్రం ఈ మధ్య చేసిన డీకాల్, అంటే అచ్చేసి తెచ్చి అంటించిన బొమ్మ, దండం పెట్టి వదిలేయండి.
మగ్గు చుట్టూ తిరిగే బోర్డర్ ఉంటే పిడి కింద చూడండి, కాగితం రెండు కొసలు కలిసేచోట డిజైన్ సరిగ్గా అతకదు. అతుకు అక్కడే దాస్తారు.

మౌనముని
ఈ కాగితం పద్ధతి ఎప్పట్నుంచి ఉంది? దానికి ముందు రాజుల బొమ్మలు వేసేవాళ్లు కాదా?

కుమ్మరి_చక్రం
వేసేవాళ్లు, చేత్తో. 1660లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చి గద్దెనెక్కాక తెల్ల గ్లేజ్ ప్లేట్లు, కప్పుల మీద ఆయన్ని నీలంతో గీశారు. కిరీటం, పొడుగు జుట్టు, అంతే, కింద పేరు తీసేస్తే ఎవరో గుర్తుపట్టలేం. పోలిక రావాలంటే ప్రింట్ రావాల్సిందే. లివర్‌పూల్‌లో శాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల్లో 1200 టైల్స్ ముద్రించామని ప్రమాణ పత్రమే ఇచ్చారు. ఆ రోజుల్లో అది నమ్మలేని లెక్క.
ఇక రాజు బొమ్మ మగ్గు అంటే నా దృష్టిలో దీన్ని మించింది లేదు: ఇంగ్లండ్‌లోని వూస్టర్ పింగాణీ కంపెనీ వాళ్లు చేసిన ప్రష్యా (ఒకప్పటి జర్మన్ రాజ్యం) రాజు మగ్గు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వాళ్ల సైట్లలో ఫొటోలు చూడొచ్చు. తెల్లటి పింగాణీ, మీద నల్లరంగు తప్ప ఇంకేమీ లేదు. ఒకవైపు రెండో ఫ్రెడరిక్, ఇంకోవైపు గెలిచిన యుద్ధాల పేర్లున్న జెండాలు, ఆయుధాల గుట్ట, మధ్యలో బూరా ఊదుతూ కీర్తి దేవత. కవచం మెరుపు వరకూ గీతల్లోనే తెప్పించాడు, ఒక్క రంగుతో. సింధూర మగ్గులో ఐదారు రంగులున్నా ఆ బరువు రాదు, ఏమనుకోకండి.

చరిత్ర_మాస్టారు
ఆహా దీని మీద నేను రాయకుండా ఉండలేను. ఇంగ్లీషువాళ్లు పరాయి రాజు మొహం మగ్గు మీద ఎందుకు వేసుకున్నారు? ఏడేళ్ల యుద్ధంలో (1756-63) ఆయన వాళ్ల జట్టు, 1756 జనవరిలో ఒప్పందం కుదిరింది. అప్పుడు ఇంగ్లండ్ చాలాచోట్ల ఓడిపోతోంది, ఫ్రెడరిక్ పెద్ద పెద్ద యుద్ధాలు గెలుస్తున్నాడు, అందుకని ఆయన పిచ్చి పట్టుకుంది జనానికి.
ఇక్కడ తేదీ విషయం చూడండి, మన టాపిక్కే. ఆ మగ్గు మీద 1757 అని చెక్కి ఉంది. కానీ జెండాల మీద రాస్‌బాక్ ఉంది, అది నవంబర్ 5, 1757. లిస్సా కూడా ఉంది, అంటే లాయ్‌టెన్ యుద్ధం, డిసెంబర్ 5. ఆ కబురు యుద్ధం జరిగిన సైలీషియా (ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది) నుంచి ఇంగ్లండ్ చేరి, రేకు మీద చెక్కి, మగ్గుకి అంటించి కాల్చేసరికి 1758 వచ్చేసి ఉండాలి, నా లెక్క ప్రకారం. కాబట్టి 1757 మగ్గు అని అందరూ అనేది 1758లో పొయ్యిలోంచి వచ్చి ఉంటుంది. సింధూర మగ్గు దాని మీదున్న తేదీ కంటే ముందే తయారైంది, ఇది దాని మీదున్న తేదీ తర్వాత తయారైంది.

పాతసామాన్ల_పిచ్చి
మాస్టారూ, అందులో సంతకం తగాదా కూడా చెప్పాలి. ఆర్, హెచ్ కలిపి రాసి పక్కన ఓడ లంగరు బొమ్మ ఉంటుంది. చెక్కినవాడు రాబర్ట్ హాంకాక్, కంపెనీలో భాగస్తుడు రిచర్డ్ హోల్డ్‌షిప్, ఇద్దరివీ అవే పొడి అక్షరాలు. లంగరు హోల్డ్‌షిప్ ఇంటిపేరుకి గుర్తని చెప్తారు. పని ఒకడిది, పేరు ఇంకొకడిది. ఇప్పటి ఆఫీసులకీ దానికీ తేడా ఏం లేదు.

తిక్కలోడు_77
వెక్కిరించే మగ్గులు ఇప్పుడెవరూ చేయరా? రాజులంటే భక్తేనా?

పాతసామాన్ల_పిచ్చి
ఎందుకు చేయరు. 1981లో చార్లెస్, డయానా పెళ్లికి కార్ల్‌టన్ వేర్ అనే కుండల కంపెనీ వాళ్లు ఒక మగ్గు తెచ్చారు, మార్క్ బాక్సర్ అనే కార్టూనిస్టు గీసింది. పిడే చార్లెస్ చెవి. ఇంకేం చెప్పాలి.

సింధూర
హహహ అది కావాలి నాకు. ఒక చివరి డౌట్ అండి, దీంట్లో కాఫీ తాగొచ్చా? పైగా లోపల సన్నటి పగుళ్లు వలలా ఉన్నాయి, గోధుమరంగు మరకలు పట్టాయి, బ్లీచ్ వేస్తే పోతాయా? అలాగే పిడి దగ్గర ఒక వెంట్రుక లాంటి గీత ఉంది.

కుమ్మరి_చక్రం
తాగకండి. ఆ రోజుల్లో సీసం కలిసిన గ్లేజులు మామూలు, పైన పూసిన రంగుల్లోనూ సీసం ఉంటుంది, పగుళ్లున్నప్పుడు అసలు మంచిది కాదు, అందులోనూ నిమ్మరసం, టీ లాంటివి పోస్తే ఇంకా లాగుతాయి. బ్లీచ్ ముట్టుకోకండి, అది పగుళ్లలోంచి లోపలి మట్టిలోకి వెళ్లి ఉప్పులా గడ్డకట్టి గ్లేజ్‌ని లోపల్నుంచి పైకి లేపేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క మెత్తటి సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. డిష్‌వాషర్ వద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు, అందులో బంగారు అంచు ఠపఠపా నిప్పురవ్వలు కక్కుతుంది.
పిడి దగ్గర గీతకి, మగ్గుని అరచేతిలో పెట్టి వేలిగోటితో చిన్నగా కొట్టండి. ఖంగుమంటే పైపై గీత, టప్‌మని ఆగిపోతే లోపలిదాకా పగిలింది. ఏదైనా సరే పిడి పట్టుకుని ఎత్తకండి, రెండు చేతులతో ఒంటిని పట్టుకోండి.

సింధూర
కొట్టాను. టప్ అంది.

పాతసామాన్ల_పిచ్చి
అయితే అమ్మే ఆలోచన మానేసి హాయిగా ఉంచుకోమ్మా. పగులున్న జూన్ మగ్గుకి మూడు పౌండ్లే సరైన రేటు, మీ అక్క మోసపోలేదని చెప్పు. కిటికీ అంచు మీద మాత్రం పెట్టకు.

మౌనముని
ఇది చదివాక నాది కూడా కొట్టి చూశా, ఖంగుమంది. పెన్నులు తీసేశా.